మిగిలిన రాయి

ఆదిశేషమ్మకు ఇరవై దాటి లెక్క రాదు. రావలసిన అవసరమూ ఎప్పుడూ పడలేదు. ఉదయగిరి కొండ కింద, ఊరి చివర ఆమె ఇల్లు. ఇంటికి ఆనుకుని కంప దొడ్డి. ముప్పై ఏళ్లుగా పొద్దున దొడ్డి తడిక తీసి, ఒక్కో మేక బయటికి దాటినప్పుడల్లా ఒక్కో గులకరాయి గోడవారన వేస్తుంది. పొద్దుగూకే ముందు ఒక్కో మేక లోపలికి పోతుంటే ఒక్కో రాయి తీసి అవతల పారేస్తుంది. రాళ్లు అయిపోతే తడిక మూస్తుంది. ఎన్ని మేకలని ఎవరైనా అడిగితే, "ఉండేటివి ఉండాయి" అంటుంది. ఎన్నో నోటితో చెబితే అందులో ఒకటి తగ్గుతుందని చిన్నప్పుడు వాళ్ల అవ్వ చెప్పింది. ఎందుకు తగ్గుతుందో ఆమె అడగలేదు.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఒక రాయి మిగిలింది. పొద్దున పొరపాటున రెండు వేసి ఉంటానని ఆమె అనుకుంది. "కండ్లు మసకేసినాయిమే నీకు" అన్నాడు భర్త కొండలయ్య. ఆమె రాయి పారేసి తడిక మూసింది. మర్నాడు కొండ మీద ఒక బండ అవతల నుంచి మేకపిల్ల అరుపు వినబడింది. బండల నడుమ వాననీళ్లు నిలిచే గుంటలను అక్కడ దొనలంటారు. ఎండలు ముదిరేసరికి నీళ్లు ఇంకి, అవి నున్నటి రాతి బానల్లా మిగులుతాయి. అరుపు ఏ దొనలోంచి వస్తోందో ఆమె పట్టుకోలేకపోయింది. ఇటు వింటే అటునుంచి, అటు పోతే ఇటునుంచి. రెండు రోజులు వినబడింది. మూడో రోజు వినబడలేదు.

ఆ తర్వాత ఆమె రాళ్లు వేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడదు.

రెండేళ్ల కిందట కొండలయ్యకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, ఆత్మకూరు పోయి రక్తం కడిగించుకోవాలి. తొలి బస్సుకు పోతే సాయంత్రానికి తిరిగి రావచ్చు. పోయేటప్పుడు అతను కిటికీ పక్కన కూర్చుంటాడు. వచ్చేటప్పుడు కూర్చోలేడు. ఆమె భుజం మీద వాలిపోతాడు. దుత్తలూరు దాటేలోపు ఒకసారి వాంతి అవుతుంది. దానికోసం ఆమె కొంగులో ప్లాస్టిక్ కవరు మడిచి పెట్టుకుంటుంది. సీటు దొరకని రోజు అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, దిగేవాళ్లకూ ఎక్కేవాళ్లకూ అడ్డం లేకుండా కాళ్లు పట్టుకుని నిలబడుతుంది. ఖర్చులకు అమ్మగా అమ్మగా మేకలు సగం అయ్యాయి. రాళ్ల కుప్ప చిన్నదయింది.

ఉదయగిరి చుట్టుపక్కల అలాంటివాళ్లు మరో అయిదుగురు ఉన్నారు. ఆత్మకూరులోని ఒక సేవాసంఘం ఆ ఆరుగురికీ ఒక వ్యాను కొనిద్దామని పూనుకుంది. అందుకోసం ఉదయగిరి కొండ మీద నడక పెట్టారు. మార్చి నెల రెండో ఆదివారం. నడిచేవాళ్లు తలా కొంత చందా ఇచ్చి పేరు రాయించుకోవాలి. పొద్దున్నే కింద మైదానంలో బయలుదేరి, కోట గోడ దాటి, పైనున్న పాత మండపం చుట్టి దిగి రావాలి. అదే రోజు, ఒక పెద్ద ఆఫీసరు చేతుల మీదుగా, వ్యాను తాళం ఇస్తారు.

ఏర్పాట్లన్నీ డేవిడ్‌రాజు సారు చూశాడు. ఆయన బడుల్లో ఆటలు నేర్పించి రిటైరైన మనిషి. మెడలో ఈల ఉంటుంది. రెండు వారాల ముందునుంచే వచ్చి, కొండ మూడుసార్లు ఎక్కి దిగాడు. ఎక్కడ అడుగు జారుతుందో అక్కడ సున్నంతో గీత గీశాడు. పక్కదారులకు రంగు రిబ్బన్లు కట్టించాడు. మంచినీళ్లు మూడుచోట్ల, మజ్జిగ ఒకచోట. కట్లు కట్టే నర్సులు ఇద్దరు. కింద అంబులెన్సు. నడిచేవాళ్లలో ప్రతి మనిషికీ రొమ్మున పిన్నీసుతో నెంబరు కార్డు. పోయేటప్పుడు బల్ల దగ్గర పేరుకు ఎదురుగా ఒక టిక్కు. తిరిగి వచ్చి కార్డు ఇచ్చేస్తే ఇంకో టిక్కు, చేతికి ఉప్మా పొట్లం. చిట్టచివర ఇద్దరు కుర్రాళ్లు ఈలలు వేసుకుంటూ, దారంతా చూసుకుంటూ, కాగితం ముక్క కనబడితే ఏరుకుంటూ దిగాలి. ఆదిశేషమ్మ తన జన్మలో పెళ్లిళ్లు చూసింది, తిరునాళ్లు చూసింది. ఇంత పద్ధతి ఎక్కడా చూడలేదు.

కొండ తెలిసినవాళ్లు కావాలని సారు మేకలవాళ్లను అడిగాడు. ఆదిశేషమ్మకు పసుపురంగు టోపీ ఇచ్చి, గవిని దగ్గర నిలబెట్టాడు. గవిని అంటే కోట గోడలో సన్నటి ద్వారం. మనిషి వెనక మనిషి పోవలసిందే, ఇద్దరు పక్కపక్కన పట్టరు. నడక దారికి అదొక్కటే వాకిలి.

"ఇక్కడ తోసుకోకుండా చూడమ్మా. అంతే నీ పని," అన్నాడు సారు.

"మేకలు తోసుకుంటాయి సారూ. మనుషులు కూడానా?"

"మనుషులే ఎక్కువ," అని ఆయన నవ్వాడు.

ఆదివారం పొద్దు పొడిచేసరికి మనుషులు ఎక్కడం మొదలైంది. ఆమె గవిని బయట రాతి దిమ్మె మీద కూర్చుంది. మొదటి మనిషి లోపలికి దాటగానే ఆమె చెయ్యి కిందికి పోయి ఒక కంకరరాయి తీసి దిమ్మె పక్కన వేసింది. ఎవరూ వెయ్యమనలేదు. రెండో మనిషికి రెండో రాయి. అప్పటికి గాని తాను చేస్తున్నది ఆమె గమనించలేదు. ఆపుదామనుకుంది. వాకిలి ఉంది, దాటేవాళ్లు ఉన్నారు, పక్కన రాళ్లున్నాయి. చెయ్యి ఆగలేదు.

ఆత్మకూరు నుంచి వచ్చారు, సంగం నుంచి వచ్చారు, కలువాయి నుంచి ఒక బస్సు వచ్చింది. తెల్లటి బనీన్లు, కొత్త బూట్లు, సెల్‌ఫోన్లు. నవ్వుకుంటూ ఒకళ్లనొకళ్లు ఫొటోలు తీసుకుంటూ దాటారు. కుప్ప మోకాలంత అయింది. వాళ్లలో కొందరు ఆడవాళ్లు ఆమె దగ్గర ఆగి గొంతు తగ్గించి అడిగారు. "అమ్మా, ఇక్కడ బాత్రూమ్ ఎక్కడ?"

"ఇది కొండ తల్లీ, బాత్రూము యాడిది?" అంటూ ఆమె గవిని లోపల ఎడమవైపు గడ్డంతో చూపించింది. అక్కడ బలుసు పొదలు గుబురుగా ఉంటాయి. "ఆ చాటుకు పోండి. ఎవురూ రారు."

ఎనిమిది దాటాక దిగడం మొదలైంది. ఒక మనిషి బయటికి వస్తే ఒక రాయి తీసి వెనక్కి, లోయలోకి విసిరింది. ఇద్దరు వస్తే రెండు. రాయి పడిన చప్పుడు వినేలోపే ఇంకొకటి. కుప్ప తగ్గింది, పలచబడింది, కింద నేల కనిపించింది. ఎండ చురుక్కుమనేసరికి రద్దీ ఆగింది. నీళ్ల డ్రమ్ములు మోసుకుంటూ కుర్రాళ్లు దిగారు. నర్సులు దిగారు. ఆఖరున ఈలల వాళ్లిద్దరు గవిని లోపలివైపు వచ్చి ఆగారు. వాళ్లలో రాఘవ ఆమెకు తెలుసు. ఊళ్లో మోటారు బాగుచేసే పిల్లవాడు. అతను వెనక్కి తిరిగి పొడుగ్గా ఈల వేశాడు.

"ఎవరన్నా ఉండారా పైన?"

కొండ పలకలేదు. మళ్లీ ఈల వేసి మళ్లీ అరిచాడు. పలకలేదు. ఇద్దరూ బయటికి వచ్చారు. ఆమె రెండు రాళ్లు విసిరింది.

ఒకటి మిగిలింది.

ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. గోలీకాయంత రాయి. ఒక పక్క తెల్లగా ఉంది.

"అంతా అయిపోయినారు పెద్దమ్మా. లెయ్యి, ఉప్మా అయిపోతాది," అన్నాడు రాఘవ.

"అబ్బయ్యా, ఒకరు రాలేదు."

"ఎవరు?"

"నాకేం తెలుసు ఎవురో. రాయి ఉండాది."

రాఘవ రాయిని చూశాడు, ఆమెను చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "నీకు నువ్వు ఒక రాయి ఏసుకున్నావేమో చూసుకో."

రెండోవాడు కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. తాను గవిని దాటిందా? దాటలేదు. పొద్దున్నుంచి దిమ్మె మీదే ఉంది. లేక ఎవరి బూటుకైనా తగిలి రాయి దొర్లి కుప్పలో చేరిందా? ఎవరో చంటిపిల్లను ఎత్తుకుని ఎక్కారు. ఆ పిల్లకు వేసిందా? దిగేటప్పుడు తియ్యలేదా? ఎంత వెతికినా తన చెయ్యి ఏం చేసిందో తనకు గుర్తు రాలేదు. చేతికి తెలిసినది తలకు తెలియదు. మూడేళ్ల కిందటి కొండలయ్య మాట చెవిలో మోగింది. కండ్లు మసకేసినాయిమే నీకు.

ఆమె రాయి గుప్పిట్లో పెట్టుకుని దిగింది. దిగుతున్నంతసేపూ వెనకనుంచి ఎవరైనా వస్తారేమోనని మెడ తిప్పి చూసింది.

కింద షామియానా నిండుగా ఉంది. వేదిక పక్కన తెల్లటి వ్యాను నిలబెట్టారు. బంతిపూల దండ, తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను. ముందు వరసలో ఆరుగురు రోగులను కూర్చోబెట్టారు. కొండలయ్య చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. అతని కళ్లు వ్యాను మీదే ఉన్నాయి.

ఆమె నేరుగా బల్ల దగ్గరికి పోయింది. డేవిడ్‌రాజు సారు కార్డులు సర్దుతున్నాడు.

"సారూ, పైన ఒకరు ఉండిపోయినారు."

ఆయన వెంటనే నిలబడ్డాడు. "ఎవరు? ఎక్కడ చూశావు?"

"చూడలేదు. రాయి మిగిలినాది." ఆమె గుప్పిట విప్పింది.

ఆమె చెప్పింది ఆయన పూర్తిగా విన్నాడు. నవ్వలేదు. కాగితాలు తిప్పి మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చూశాడు. కార్డుల కట్టను లెక్కబెట్టించాడు. "అమ్మా, పోయినవాళ్లు రెండు వందల ఎనభై నాలుగు. వచ్చిన కార్డులు రెండు వందల ఎనభై నాలుగు. ఒక్కటి కూడా తగ్గలేదు. చూడు." కార్డులు దారంతో కట్టి పక్కపక్కన పేర్చి ఉన్నాయి. ఆమె వాటిని చూసింది. అవి కార్డులు.

"మీరిద్దరూ పైన పిలిచారా?" అని ఆయన రాఘవను అడిగాడు.

"రెండుసార్లు సార్. ఉంటే పలికేవాళ్లే కదా."

ఉంటే పలుకుతారు.

ఆమె పోయి భర్త కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కొండలయ్య ఆమె గుప్పిట చూశాడు.

"చేతిలో ఏందిమే?"

"రాయి."

ఆ మాటకు అర్థం ఈ షామియానా కింద ఆమెకు కాక తెలిసింది అతనికొక్కడికే. "సారుకు చెప్పినావా?"

"చెప్పినాను. లెక్క సరిపోయినాది అంటాడు."

"సరిపోయినాది అన్నాడు గదా. ఇంక గమ్మునుండు." అతను గొంతు తగ్గించాడు. "పెద్దసారు దోవలో ఉండాడంట. తాళం ఇచ్చేదాకా గమ్మునుండు. ఇప్పుడు ఎవురో తప్పిపోయినారని నువ్వు లేపినావంటే పోలీసులొస్తారు, పేపరోళ్లొస్తారు. బండి ఆగిపోతాది."

ఆమె గుప్పిట బిగించింది.

"మళ్లా ఆ బస్సులో నేను పోలేనుమే," అన్నాడు.

అతని చెయ్యి కుర్చీ చేతి మీద ఉంది. సూదులు గుచ్చిన చోట నరం తాడులా ఉబ్బి ఉంది. ఆమె దాన్ని చూసింది. బండి ఆగిపోతే ఆ చెయ్యి ఎన్నాళ్లుంటుందో ఆమెకు తెలియదు. అటు కొండ మీద ఎవరైనా ఉన్నారో లేదో అదీ తెలియదు. కొండ వైపు చూసింది. బండలు తెల్లగా మెరుస్తున్నాయి. ఈ వేళకు మేకలు కూడా నీడకు పోతాయి. ఆ బండ మీద చెయ్యి ఆనిస్తే తోలు అంటుకుంటుంది.

మందలో ఒక మేక తప్పిపోతే ఏది తప్పిపోయిందో మేకలవాళ్లు మందను లెక్కపెట్టి తెలుసుకోరు. మందలో వెనక్కి చూసే మేక ఒకటి ఉంటుంది. మేత పెట్టినా అది మెయ్యదు. తల్లో, చెల్లెలో, జతగా తిరిగేదో. దాన్ని చూస్తే తప్పిపోయింది ఏదో తెలుస్తుంది.

ఆదిశేషమ్మ లేచింది. షామియానా పక్కగా, కుర్చీల వరసల వెంట నడిచింది. అందరూ తింటున్నారు. అందరూ వేదిక వైపో, ఫోను వైపో చూస్తున్నారు. వెనక నుంచి మూడో వరసలో ఒక పడుచుపిల్ల మెడ తిప్పి కొండను చూస్తోంది. తిప్పుకుంది. మళ్లీ చూసింది. ఆమె ఒడిలో ఉప్మా పొట్లాలు రెండున్నాయి. రెండూ విప్పలేదు.

ఆదిశేషమ్మ ఆ పిల్ల పక్కన కూలబడింది.

"ఎవురికోసమమ్మా ఆ రెండోది?"

పిల్ల ఉలిక్కిపడింది. "మా మేడానికి."

"యాడుంది మేడం?"

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. పేరు సుజన. సంగం దగ్గర ఒక బడిలో కొత్తగా చేరిన టీచరు. మేడం అంటే ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ రేణుకాదేవి. దిగేటప్పుడు పైన ఆగిపోయిందట.

"నీళ్ల దగ్గరల్లా నీళ్లు తాగమన్నారు కదా. మేడానికి షుగరు. ఆపుకోలేకపోయింది. అక్కడ పొదల దగ్గరికి పోతే అప్పటికే అందరూ... కాలు పెట్టేటట్టు లేదు. ఇంకాస్త అవతలికి పోయొస్తా, నువ్వు పో అనింది. నిలబడతా మేడం అంటే, నిలబడితే అందరికీ తెలుస్తుంది, పో అని కసిరింది. తన కార్డు కూడా నన్నే ఇచ్చేసి, తన పొట్లం కూడా తీసుకోమనింది. ఫోను కూడా నా దగ్గరే ఉండాది."

"ఎంతసేపయినాది?"

"గంట. గంట దాటింది." సుజన మళ్లీ కొండ వైపు చూసింది. "మైకులో చెప్పిద్దామనుకున్నా అవ్వా. చెబితే ఎందుకు ఆగింది అంటారు. ఇంతమంది మగవాళ్లలో... రేపు మేడం నన్ను బతకనిస్తుందా?"

మూడుచోట్ల నీళ్లు, ఒకచోట మజ్జిగ. ఎక్కడ జారుతుందో అక్కడ సున్నం గీత. తాగిన నీళ్లు ఎటు పోతాయో ఎవరూ రాసుకోలేదు. పొద్దున గడ్డంతో తాను చూపించిన పొదలు ఆదిశేషమ్మకు గుర్తొచ్చాయి. ఆ పొదల అవతల ఏముందో గుర్తొచ్చింది.

"లెయ్యి," అంది.

షామియానా దాటుతూ ఒకసారి వెనక్కి చూసింది. కొండలయ్య ఆమెను చూస్తున్నాడు. చెయ్యి కొంచెం పైకెత్తాడు. ఆగమనో, పొమ్మనో ఆమెకు తెలియలేదు.

ఇద్దరూ గబగబా ఎక్కారు. సుజన బూట్లతో, ఆమె వట్టి కాళ్లతో. దారి మీద ఒక్క కాగితం లేదు, ఒక్క గ్లాసు లేదు. పొద్దున ఇన్ని వందలమంది నడిచారనడానికి ఆనవాలు లేకుండా ఏరేశారు. మేక పోయిన దారిలో కొరికిన ఆకైనా ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. గవిని దగ్గర దిమ్మె ఖాళీగా ఉంది. లోపలికి దాటగానే గాలి ఆగిపోయింది. ఎండ మాడు మీద దిగింది.

"మేడమ్!" అని సుజన పిలిచింది. గోడ ఆ మాటను తిప్పి పంపింది.

బలుసు పొదల దగ్గర ముక్కు మూసుకోవలసి వచ్చింది. అవతల బండ మొదలవుతుంది. నున్నటి నల్లబండ, చిన్నగా వాలి ఉంటుంది, వాలు ఎక్కడ ఎక్కువవుతుందో కంటికి తెలియదు. ఆ బండ మీద, కాస్త చదునైన చోట, ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా నిలబెట్టి ఉంది. సగం నీళ్లు. మూత పక్కన పెట్టి ఉంది. ఎవరో ఇప్పుడే వస్తారన్నట్టుంది.

సుజన దాని వైపు పరుగెత్తబోయింది. ఆదిశేషమ్మ ఆమె జబ్బ పట్టుకుంది.

"ఆడనే నిలబడు. అది జారుడు."

సీసా అవతల బండ వంగి, ఒక నల్లటి అంచు దగ్గర ఆగిపోతుంది. అంచు కింద దొన. ఆమెకు ఆ దొన తెలుసు. మూడేళ్లుగా ఆ వైపు మేకలను తోలలేదు. కూర్చుని, అరచేతులు ఆనించి, కొద్దికొద్దిగా జరిగింది. చేతులు చుర్రుమన్నాయి. అంచుకు ఒక మూర దూరంలో ఆగిపోయింది. చూడాలంటే తల ముందుకు పెట్టాలి. పెట్టలేకపోయింది. లోపలినుంచి చప్పుడు రావడం లేదు. మూడో రోజు మేకపిల్ల అరుపూ అలాగే రాలేదు.

"మేడమ్!" అని వెనక సుజన మళ్లీ అరిచింది.

చప్పుడు లేదు.

రాఘవ రెండుసార్లు ఈల వేశాడు. రెండుసార్లు పిలిచాడు. ఉంటే పలుకుతారు. ఉన్నా పలకనిది ఎప్పుడు? ఆదిశేషమ్మ అంచు వైపు మొహం పెట్టి, పెద్దగా కాదు, పక్కింటావిడతో మాట్లాడినట్టు అంది:

"మగోళ్లు ఎవురూ లేరమ్మా. మేం ఇద్దరమే. ఆడోళ్లమే వచ్చినాం."

కాసేపటికి లోపల రాతి మీద ఏదో గీసుకున్నట్టు చిన్న చప్పుడైంది. తర్వాత ఒక గొంతు. మనిషి గొంతని చెప్పలేనంత ఎండిపోయి ఉంది.

"ఎవరూ లేరా?"

"లేరు."

"నిజంగా?"

"నా మేకల తోడు."

ఆమె తల ముందుకు పెట్టింది. నిలువున్నర లోతు. అడుగున రేణుకాదేవి ఒక పక్కకు ఒరిగి ఉంది. కుడికాలు మడమ దగ్గర తిరగకూడని వైపు తిరిగి ఉంది. చుడీదారు కిందిభాగం చిరిగి చీలమండల దగ్గర చుట్టుకుపోయింది. రెండు చేతులతో కుర్తా అంచు కిందికి లాగి పట్టుకుంది. వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. మొహం నల్లబడింది. పెదవి పగిలి ఎండిన నెత్తురు.

దొనకు ఒక పక్క మెట్లలాంటి పగుళ్లున్నాయి. ఆదిశేషమ్మ వాటి మీదుగా దిగింది. నడుముకు చుట్టుకున్న పాత పంచె విప్పి, ముందు ఆమెను కప్పి, చుట్టూ దోపింది. అప్పుడు గాని రేణుకాదేవి వేళ్లు వదలలేదు. సుజన కూర్చుని కొద్దికొద్దిగా జరిగి వచ్చి పై నుంచి సీసా అందించింది. నీళ్లు సగం నోట్లోకి, సగం మెడ మీదికి పోయాయి.

"ఈల వినిపించింది," అంది రేణుకాదేవి. "రెండుసార్లు పిలిచారు."

"పలకాల్సింది మేడం," అని సుజన ఏడ్చింది.

ఆమె సుజన వైపు చూడలేదు. "వాళ్లు వెళ్లిపోయాక పలికాను. అప్పుడు చాలా అరిచాను." కాసేపు ఊపిరి తీసుకుంది. రేణుకాదేవి చెయ్యి చాపి ఆదిశేషమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు, వేడి ఉంది. "ఎలా పడ్డానో చెప్పొద్దమ్మా."

"కాలు జారినాది. అంతే గదా."

"అంతే."

ఆదిశేషమ్మ దొనలోంచి ఎక్కి, బండ మీద నిలబడి కూత పెట్టింది. మేకలవాళ్లు కొండకూ కొండకూ మధ్య పెట్టుకునే కూత అది. కింద మైకు ఆగింది. తర్వాతంతా పద్ధతిగా జరిగింది. డేవిడ్‌రాజు సారు ముందు, వెనక స్ట్రెచర్, తాళ్లు, నర్సు. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ అరవలేదు. సారు అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూశాడు. చేతిలో ఇంకా ఆ కాగితాలున్నాయి.

"కార్డు వచ్చింది కదా," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. "నూట తొంభై ఒకటి. టిక్కు నేనే పెట్టాను."

రాఘవ తాడు నడుముకు కట్టుకుని దొనలోకి దిగాడు. పైకి వచ్చాక ఆదిశేషమ్మ మొహం చూడలేదు.

స్ట్రెచర్ గవిని దాటేటప్పుడు ఆమె పక్కకు తప్పుకుంది. గుప్పిట విప్పింది. రాయి చెమటకు తడిసి ఉంది. విసరబోయి ఆగింది. ఈసారి పైకి ఎంతమంది వచ్చారో తాను చూడలేదు. దొన దగ్గరే ఉండిపోయింది. అందరూ దిగిపోయాక ఆమె ఒక్కతే మళ్లీ లోపలికి పోయి, పొదలదాకా, బండ అంచుదాకా చూసి వచ్చింది. దొనలో నీళ్ల సీసా పడి ఉంది. రాయి అప్పుడు విసిరింది. అది పడిన చప్పుడు వినేదాకా నిలబడింది.

పెద్ద ఆఫీసరు ఆలస్యంగా వచ్చాడు. రిబ్బను కత్తిరించాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా ఇంత పెద్ద కార్యక్రమం జరగడం అభినందనీయమని మైకులో అన్నాడు. అప్పటికి అంబులెన్సు ఊరు దాటిపోయింది. జరిగింది ఆయనకు ఎవరూ చెప్పలేదు. డేవిడ్‌రాజు సారు వేదిక ఎక్కలేదు. జనం పోయాక ఆదిశేషమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏం లోపం జరిగిందమ్మా? నాకు అర్థం కావడంలేదు. అక్కడికి ఎందుకు వెళ్లింది ఆమె?"

ఆదిశేషమ్మ మాట ఇచ్చి ఉంది. కొంచెం ఆలోచించింది.

"మళ్లా పెట్టేటప్పుడు పైన ఆడోళ్లకు రెండు తడికలు కట్టించు సారూ. నీళ్లిచ్చే చోటల్లా. ఆకర్న ఈల ఏసేదానికి మగపిలకాయలతో పాటు ఒక ఆడమనిషిని పెట్టు."

ఆయన ఆమె వైపు చూశాడు. మొహం నెమ్మదిగా ఎర్రబడింది. కాగితం వెనక ఏదో రాసుకున్నాడు.

రేణుకాదేవికి కాలు అతికిందనీ, కర్ర పట్టుకుని బడికి పోతోందనీ సుజన తర్వాత ఫోను చేసి చెప్పింది. మేడం ఆమెను ఏమీ అనలేదట. ఆ పంచె ఉతికి, ఇస్త్రీ చేయించి, బస్సు డ్రైవరు చేత పంపించింది.

ఇప్పుడు మంగళవారం, శుక్రవారం, తెల్లవారాక వ్యాను ఇంటి ముందుకే వచ్చి ఆగుతుంది. కొండలయ్య కిటికీ పక్కన కూర్చుంటాడు. వచ్చేటప్పుడు పడుకుని వస్తాడు. ఆదిశేషమ్మ ఎప్పుడైనా వెంట పోతుంది, మేకలుంటే ఉండిపోతుంది. సాయంత్రం వ్యాను తిరిగి వచ్చేటప్పుడు వీధిలోకి వచ్చి నిలబడుతుంది.

ఎండాకాలం పోయేలోపు ఆరుగురిలో ఒకరు తగ్గారు. ఆ మాట ఆమెకు కొండలయ్య చెప్పాడు. ఆమె అప్పటికే ఆ బండి తలుపు వైపు చూడడం మానేసింది. తలుపు తీసిన చప్పుడు కాగానే మొహం దొడ్డి వైపు తిప్పుకుని, కిందికి పోకుండా చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడుతుంది. కొండలయ్యకు దారివ్వడానికి ఒకరొకరే దిగుతుంటారు. నేల మీద గులకరాళ్లు చాలా ఉంటాయి.

"ఏందిమే అట్టా నిలబడినావు? చెయ్యి పట్టుకో," అంటాడు కొండలయ్య.

అతని గొంతు విన్నాక తిరుగుతుంది.